పెటాఫ్లాప్స్ సరే, ప్రాసెసర్ల మధ్య మాట సంగతి?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ విద్యా పేజీలో ఇటీవల వచ్చిన సూపర్ కంప్యూటర్ల వ్యాసం ఎన్ని పెటాఫ్లాప్స్ (యంత్రం లెక్కలు చేసే వేగానికి కొలత), ఎన్ని కోట్లు అనే లెక్కల దగ్గరే ఆగిపోయింది. వేల ప్రాసెసర్లు ఒకే లెక్కను పంచుకుని చేయాలంటే అవి తమలో తాము సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలి. ఆ పని చూసే కమ్యూనికేషన్ లైబ్రరీల ఊసే వ్యాసంలో లేకపోవడంతో, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఈ పాఠం చెప్పేవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

ఒకప్పుడు ఏ కంపెనీ యంత్రానికి ఆ కంపెనీ సందేశ పద్ధతి ఉండేది. యంత్రం మారితే ప్రోగ్రాం తిరగరాసుకోవలసిందే. వేర్వేరు యంత్రాలను కలిపి పనిచేయించే పీవీఎం వంటి ప్రయత్నాల తరువాత, పరిశోధకులూ కంపెనీలూ కలిసి 1994లో ఎంపీఐ (మెసేజ్ పాసింగ్ ఇంటర్‌ఫేస్) అనే ఉమ్మడి ప్రమాణాన్ని వెలువరించారు. దాన్ని అమలుచేసే లైబ్రరీల్లో ఎంపిచ్ అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో పుట్టింది. ఓపెన్ ఎంపీఐ అనేక సంస్థల ఉమ్మడి కృషి. రెండూ ఉచితమే.

మా ల్యాబులో ఏటా ఒక ముచ్చట జరుగుతుంది. ఇద్దరు విద్యార్థులు తమ కంప్యూటర్లలో ముందు 'సెండ్', తరువాత 'రిసీవ్' అని రాస్తారు. పది అంకెలు పంపినంతసేపూ ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. పది లక్షలు పంపగానే బిగుసుకుపోతుంది. చిన్న సందేశాన్ని లైబ్రరీ తన దగ్గర దాచిపెట్టుకుని పంపినవాణ్ని వదిలేస్తుంది, పెద్దదైతే మాత్రం అందుకునేవాడు సిద్ధమయ్యేదాకా నిలబెడుతుంది. అందువల్ల ఇద్దరూ పంపుతూనే ఉండిపోతారు, అందుకునేవాడు ఉండడు. తప్పు మొదటి నుంచీ ఉన్నదే, పది అంకెల దగ్గర బయటపడలేదు, అంతే. ఈ సంగతి నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు గాని, కర్సరు అరగంట కదలకపోయేసరికి ఎక్కింది.

లైబ్రరీలు వేగాన్ని ఎలా తెస్తాయో కూడా చెప్పుకోవాలి. ఒక కంప్యూటరు మిగిలిన 63 కంప్యూటర్లకూ వరసగా సమాచారం పంపితే 63 విడతలు పడుతుంది. అందుకున్న ప్రతిదీ మరొకదానికి అందిస్తూ పోతే ఆరు విడతల్లో ముగుస్తుంది. కృత్రిమ మేధ నమూనాలకు శిక్షణ ఇచ్చే జీపీయూల (గ్రాఫిక్స్ ప్రాసెసర్ల) మధ్య ఎన్విడియా వారి ఎన్‌సీసీఎల్ అనే లైబ్రరీ చేసే 'ఆల్‌రెడ్యూస్' (అందరి అంకెలనూ కూడిక వంటి లెక్కతో కలిపి ఫలితాన్ని అందరికీ అందించడం) కూడా ఎంపీఐ మొదటి ప్రమాణంలో ఉన్న పనే.

అయినా నేను చూసిన కొన్ని కళాశాలల్లో, సూపర్ కంప్యూటర్ లేదన్న కారణంతో ఈ పాఠం ప్రయోగం లేకుండానే ముగుస్తోంది. నాలుగు పాత కంప్యూటర్లు, ఒక నెట్‌వర్క్ స్విచ్, లినక్స్ ఉంటే చాలు. అక్కడ ఎంపీఐతో రాసిన ప్రోగ్రాంనే మళ్లీ కంపైల్ చేసుకుని ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ వంటి సూపర్ కంప్యూటర్ మీద నడపవచ్చు. విశ్వవిద్యాలయాలు ఈ ప్రయోగాన్ని ప్రాక్టికల్ పరీక్షలో తప్పనిసరి చేయాలని, మీ విద్యా పేజీలో దీని గురించి ఒక వ్యాసమైనా వేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ఇంజినీరింగ్ అధ్యాపకుడు, కాకినాడ