దావా వేసే ముందు ఫర్మ్ రిజిస్టరు చూడండి

సంపాదకులకు,

కమర్షియల్ కోర్టులు వచ్చినా వ్యాపారుల బాకీలు వసూలు కావడం లేదని, జాప్యమే ఇందుకు మూలమని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. జాప్యం ఉంది, కాదనలేం. అయితే కొన్ని దావాలు జడ్జి కాగితం తెరవకముందే ఓడిపోయి ఉంటాయి. భాగస్వామ్య సంస్థ (ఫర్మ్) రిజిస్టరు సరిగా లేకపోవడమే కారణం. ఈ ఉత్తరం వాటి గురించే.

సివిల్ కేసులు చూసే ప్లీడరు గదిలో అలమర తెరిస్తే ‘ముల్లా’ కనబడుతుంది. సివిల్ ప్రొసీజరు కోడుకు వ్యాఖ్యానం రాసిన దిన్‌షా ఫర్దూన్‌జీ ముల్లా ఎవరని అడిగితే బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్‌లో కూర్చున్న న్యాయకోవిదుడని చెబుతారు. నిజమే. కానీ బొంబాయిలో 1895లో మొదలైన ముల్లా అండ్ ముల్లా అనే సొలిసిటర్ల సంస్థ కూడా ఆయనదేనని చాలామందికి తెలియదు. ఆ సంస్థ తర్వాత మరో పాత సంస్థతో కలిసి ‘ముల్లా అండ్ ముల్లా అండ్ క్రేగీ బ్లంట్ అండ్ కెరో’ అయింది. పేరు ఒక్క ఊపిరిలో చదవలేం గానీ, నూట ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. అదే ఊళ్లో అంతకన్నా పాతవీ ఉన్నాయి: క్రాఫర్డ్ బేలీ 1830 నాటిది, లిటిల్ అండ్ కో 1856 నాటిది.

బొంబాయి, కలకత్తా హైకోర్టుల ఒరిజినల్ సైడులో (దావాలను నేరుగా విచారించే విభాగంలో) పని రెండుగా చీలి ఉండేది. కక్షిదారుతో కూర్చుని విషయం రాబట్టడం, అసలు కాగితాలు తెప్పించడం, తేదీల వరుస రాయడం, ఒప్పందాల ముసాయిదాలు, నోటీసులు... ఇవన్నీ సొలిసిటరు పని. కోర్టులో నిలబడి వాదించేది అడ్వకేటు. 1976లో అడ్వకేట్ల చట్టాన్ని సవరించి అటార్నీలనే (అంటే సొలిసిటర్ల) వేరు తరగతిని తీసేశారు. తరగతి పోయినా ఆ సంస్థల పనితీరు పోలేదు. మన జిల్లాల్లో ఆ చీలిక ఎన్నడూ లేదు. అన్నీ వకీలే. అందుకే మన వ్యాపారి గొడవ ముదిరాకే వకీలు గడప తొక్కుతాడు. అప్పటికి కాగితం పని చేయాల్సిన కాలం దాటిపోయి ఉంటుంది.

పాత సంస్థలో గుమాస్తా కేసు బలమెంతని ముందుగా అడగడు. దావా వేసేది ఎవరు, ఆ పేరుతో వేసే అర్హత ఉందా, గడువు ఏ తేదీతో తీరుతుంది, ఒరిజినల్స్ ఎవరి దగ్గర ఉన్నాయి: ఇవి తేలాకే మిగతా మాట. మన మార్కెట్లలో చిక్కు వచ్చేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

1932 నాటి భాగస్వామ్య చట్టం బిల్లును పరిశీలించిన ప్రత్యేక కమిటీలో ముల్లా సభ్యుడు. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా సభ్యుడే. ఫర్మ్ రిజిస్ట్రేషన్‌ను ఆ చట్టం తప్పనిసరి చేయలేదు. చేయించుకోకపోవడం నేరమూ కాదు. కాకపోతే సెక్షన్ 69 ఉంది. రిజిస్టరు కాని ఫర్మ్ ఒప్పందం ఆధారంగా బయటివాళ్ల మీద దావా వేయలేదు. బయటివాళ్లు మాత్రం ఆ ఫర్మ్ మీద వేయవచ్చు. అప్పుడు ‘వాళ్లే మాకు ఇంత ఇవ్వాలి, అది తగ్గించండి’ అని అడిగే దారి కూడా మూసుకుపోతుంది. చట్టం 1932 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. జనం సర్దుకుంటారని ఈ ఒక్క సెక్షన్‌కు ఏడాది వ్యవధి ఇచ్చి 1933 అక్టోబరు 1న తెచ్చారు. తొంభై ఏళ్లు దాటినా మనం ఇంకా సర్దుకోలేదు. నూరు రూపాయలు మించని దావాలకు మినహాయింపు ఉంది. ఆ రోజుల్లో అది లెక్కలోకి వచ్చే సొమ్ము, ఇప్పుడు రెండు నోటీసులు పోస్టు చేస్తే చెల్లిపోతుంది.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, స్టాంపు కాగితం మీద భాగస్వామ్య దస్తావేజు రాయించి నోటరీ చేయిస్తారు. దానితో పాన్ వస్తుంది, కరెంటు ఖాతా తెరుస్తారు, జీఎస్టీ నంబరూ వస్తుంది. ఇన్ని వచ్చాక ఫర్మ్ రిజిస్టరైందనే అనుకుంటారు. కాలేదు. ఫర్మ్‌ల రిజిస్ట్రారుకు సెక్షన్ 58 కింద వేరే స్టేట్‌మెంటు ఇవ్వాలి: ఫర్మ్ పేరు, వ్యాపారం సాగే చోట్లు, ఒక్కో భాగస్థుడు చేరిన తేదీ, పూర్తి పేర్లు, చిరునామాలు, ఫర్మ్ కాలపరిమితి. అందులో భాగస్థులందరి సంతకాలూ ఉండాలి.

దీనికన్నా కనబడని గుంట ఇంకొకటి. తండ్రి హయాంలో ఫర్మ్ సక్రమంగానే రిజిస్టరై ఉంటుంది. ఆయన పోయాక కొడుకునో కోడలినో చేర్చుకుంటారు. జీఎస్టీలో పేరు మారుస్తారు, బ్యాంకులో మారుస్తారు. సెక్షన్ 63 కింద రిజిస్ట్రారుకు ఇవ్వాల్సిన నోటీసు మాత్రం ఎవరికీ గుర్తురాదు. సెక్షన్ 69 రెండు షరతులు పెట్టింది. ఫర్మ్ రిజిస్టరై ఉండాలి, దావా వేస్తున్నవాళ్లు భాగస్థులుగా రిజిస్టరులో కనబడాలి. రెండోది తప్పినా దావా నిలవదు. సరుకు ఇచ్చిన మాట నిజం, బాకీ నిజం, బిల్లు మీద సంతకం నిజం. అయినా కొట్టేస్తారు.

దావా వేశాక రిజిస్టరు చేయించుకుంటే సరిపోతుందని కొందరి ధీమా. ఈ సెక్షన్‌ను పాటించి తీరాల్సిందేనని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. మధ్యలో చేయించిన రిజిస్ట్రేషన్‌తో మొదట్లో ఉన్న లోపం మాసిపోదు. దావాను కోర్టు అనుమతితో వెనక్కి తీసుకుని మళ్లీ వేయవచ్చు గానీ అప్పటికి మూడేళ్ల గడువులో ఇంకా కాలం మిగిలి ఉండాలి కదా. సరుకు బాకీకి గడువు అరువు ఒప్పందం లేకపోతే సరుకు ఇచ్చిన రోజు నుంచి, ఉంటే అరువు తీరిన రోజు నుంచి మూడేళ్లు. ఆలోగా బాకీదారు సంతకంతో ఒప్పుకోలు రాసిచ్చినా, కొంత సొమ్ము చెల్లించి అది అతని రాతలోనో సంతకంతోనో నమోదైనా, కొత్త మూడేళ్లు మొదలవుతాయి. ‘ఇచ్చేస్తాలే అన్నా’ అన్న వాట్సాప్ మాట మీద ఆధారపడితే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు ఇవ్వాలి, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తుతో) సహా. పాత ఫోను అమ్మేశాక ఇదెలా చేస్తారు?

వాణిజ్య వివాదం విలువ 3 లక్షలు, ఆపైన అయితే, అత్యవసర ఉత్తర్వు అడగనప్పుడు, ముందు మీడియేషన్‌కు (రాజీ ప్రయత్నానికి) వెళ్లాలి. న్యాయ సేవాధికార సంస్థకు వెయ్యి రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వాలి. అవతలివాడు రాకపోతే ‘నాన్ స్టార్టర్’ నివేదిక ఇస్తారు, దానితో దావా వేయాలి. ఈ మెట్టు దాటేసి వచ్చిన ప్లెయింటును (దావా పత్రాన్ని) తిరస్కరించాలని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. దీన్ని వసూలుకు అడ్డుగా చూసేవాళ్లే ఎక్కువ. మా దృష్టిలో ఇది చేతికందిన వ్యవధి. మీడియేషన్‌కు పట్టే కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేస్తారు. రిజిస్టరు సరిచేసుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

సరిచూడటం కష్టమేమీ కాదు. సెక్షన్ 67 కింద రుసుము కట్టిన ఎవరికైనా ఫర్మ్ నమోదుల ధ్రువీకృత నకలు ఇస్తారు. దాన్ని తాజా దస్తావేజు, జీఎస్టీ సర్టిఫికెట్ పక్కన పెట్టి పేర్లు పోల్చండి. తేడా ఉంటే రిజిస్ట్రారుకు నోటీసు ఇచ్చి, నమోదు పడ్డాక మళ్లీ నకలు తీసుకోండి. దావా ఆ తర్వాతే. ఏటా మార్చి 31 లెక్కలు ముగించేటప్పుడు ఖాతాదారుల దగ్గర నిల్వ ధ్రువీకరణ ఉత్తరాల మీద సంతకాలు పెట్టించుకునే ఆడిటర్లు ఉన్నారు. ఆ కట్టలో ఈ నకలు కూడా చేర్చితే ఒక్క కాగితం అదనం, అంతే. కంపెనీలకు, పరిమిత బాధ్యత భాగస్వామ్యాలకు (ఎల్ఎల్‌పీ), ఒక్కరి సొంత దుకాణాలకు ఈ బెడద లేదు.

ప్రభుత్వానికి ఒక మాట: భాగస్థుల మార్పును జీఎస్టీలో నమోదు చేసిన రోజే ‘ఫర్మ్‌ల రిజిస్ట్రారుకు కూడా తెలపండి’ అని ఫోనుకు సందేశం పంపే ఏర్పాటు చేయాలి. శాఖలు వేరు కావచ్చు, వ్యాపారి ఒక్కడే. హైకోర్టులకు ఒక విన్నపం: ఫర్మ్ పేరుతో ప్లెయింటు వచ్చినప్పుడు తాజా రిజిస్టరు నకలు జతపరచలేదని కోర్టు ఆఫీసు నంబరు ఇవ్వకముందే అభ్యంతరం రాస్తే, ఆ లోపం సాక్ష్యాలన్నీ ముగిశాక కాక మొదటి వారంలోనే బయటపడుతుంది. అప్పటికి గడువు ఇంకా చేతిలో ఉంటుంది.

— కొందరు సివిల్ న్యాయవాదులు, గుంటూరు