ఆయిల్ ప్రెజర్ నిలబడేదాకా బండి ఇవ్వం

ఇంజిన్ పనికి మా షెడ్డులో బండి ఇచ్చిన కస్టమర్లందరికీ ఈ మాట. ఈ నెల డెలివరీలు వెనక్కి వెళ్లాయి. "ఇంజిన్ స్టార్ట్ అయిందన్నారు, సౌండ్ కూడా బాగుందన్నారు, ఇంకా ఎందుకు ఆపారు?" అని ఫోన్లు వస్తున్నాయి. అడగడం న్యాయమే. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. రేపు మీ బండి దగ్గరా ఇదే ప్రశ్న రావచ్చు.

మమ్మల్ని ఆపింది గుంటూరు నుంచి వచ్చిన రెండు లీటర్ల టర్బో పెట్రోల్ బండి. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కొత్త కనెక్టింగ్ రాడ్లు, పెద్ద టర్బో. క్రాంక్ గ్రైండింగ్ ఇక్కడే విజయవాడ ఆటోనగర్‌లో చేయించాం. బేరింగ్ క్లియరెన్సులు, అంటే బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య ఉండే సందులు, మైక్రోమీటర్‌తో, బోర్ గేజ్‌తో చూసి రాసిపెట్టుకున్నాం. అన్నీ 0.05 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉన్నాయి. ఆ సైజు క్రాంక్‌కి అది సరైన కొలత. ఆయిల్ ఛాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, మాత్రం ఓనర్ గారే తెచ్చారు. ఎక్కువ ఆయిల్ పట్టేలా, మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి పోకుండా లోపల అడ్డాలు పెట్టి వెల్డింగ్ చేయించిన ఛాంబర్ అది. దానికి తగ్గట్టు స్ట్రైనర్ పైపు (ఛాంబర్‌లోంచి పంపుకి ఆయిల్ పీల్చే గొట్టం) కూడా విడిగా చేయించి తెచ్చారు.

స్టార్ట్ చేశాక చల్లటి ఆయిల్‌తో ఐడిల్‌లో ప్రెజర్ నాలుగు బార్లకు (బార్ అంటే ప్రెజర్ కొలత) పైనే చూపించింది. చాలామంది అక్కడే సంతోషపడిపోతారు. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, ముల్లు ఎలాగూ పైకే చూపిస్తుంది. అసలు సంగతి ఆయిల్ 90 డిగ్రీలు దాటాక తెలుస్తుంది. ఈ బండిలో వేడెక్కాక ఐడిల్‌లో ముల్లు 0.7కి దిగింది. 3000 ఆర్‌పీఎం దగ్గర 2 మీద వణుకుతూ నిలబడింది. 4500 దాకా ఎక్కిస్తే ఇంకా పెరగాల్సింది పోయి కిందికి జారింది. పైన వాల్వుల్ని కదిలించే ట్యాపెట్లు టకటకమనడం కూడా మొదలైంది. వెంటనే ఇంజిన్ ఆపేయించాను.

"డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు వెలగలేదు కదండీ" అన్నారు ఓనర్ గారు. ఆ లైటును నమ్ముకోకండి. చాలా బండ్లలో ప్రెజర్ 0.3 నుంచి 0.5 బార్‌కి పడిపోతే గాని అది వెలగదు. హైవే మీద స్పీడులో ఉండగా అది వెలిగిందంటే అప్పటికే బేరింగుల పని అయిపోయినట్టే. మెకానిక్కులు చెప్పుకునే పాత లెక్క ఒకటుంది. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి పది పీఎస్ఐ, అంటే దాదాపు 0.7 బార్ ఉండాలని. ఆ లెక్కన 3000 దగ్గర ఈ ఇంజిన్ ఏదో గట్టెక్కినట్టే. కానీ ఆర్‌పీఎం పెంచుతుంటే ప్రెజర్ తగ్గడం ఏ లెక్కకీ అందదు.

"చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి ఇచ్చేయండి, ముల్లు అదే లేస్తుంది" అని సలహా ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. లేస్తుంది, నిజమే. కానీ లోపలి జబ్బు అలాగే ఉంటుంది. ఆయిల్ పంపు చేసేది ఆయిల్‌ని తోయడం వరకే. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి పోవడానికి పడే ఇబ్బందే మనకి ప్రెజర్‌గా కనిపిస్తుంది. కాబట్టి ప్రెజర్ తక్కువైతే సందులు ఎక్కువై ఉండాలి, లేదా ప్రెజర్ మరీ పెరిగితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండాలి, లేదా పంపుకే ఆయిల్ సరిగ్గా అందకుండా ఉండాలి. వీటిలో ఏదో తేలకుండా చిక్కటి ఆయిల్ పోయడం మా షెడ్డులో జరగదు.

ముందు సెన్సర్ తీసేసి అక్కడ మెకానికల్ గేజ్ బిగించాం. సెన్సర్ తప్పు చెప్పి అనవసరంగా ఇంజిన్లు విప్పిన సందర్భాలు ఈ ఫీల్డులో చాలా ఉన్నాయి. గేజ్ కూడా అదే చెప్పింది. డిప్‌స్టిక్ తీసి వాసన చూశాం, పెట్రోల్ కలిసి ఆయిల్ పలచబడలేదు. ఫిల్టర్ కోసి మడతలు విప్పి అయస్కాంతం తిప్పాం, ఇనుప పొడి లేదు, రాగి రంగు మెరుపు కూడా లేదు, అంటే బేరింగులు రాగి పొర దాకా అరగలేదు.

ఇక ముల్లు తీరు చూడాలి. బేరింగులు లూజైతే వేడి మీద ఐడిల్‌లో ప్రెజర్ తక్కువుంటుంది కానీ ఆర్‌పీఎంతో పాటు పెరుగుతుంది. రిలీఫ్ వాల్వ్ ఇరుక్కుంటే ఎంత ఎక్కించినా ముల్లు ఒకచోటు దాటదు. వణకడం, పైకి పోయేకొద్దీ జారడం, ట్యాపెట్ల శబ్దం, ఈ మూడూ కలిస్తే పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తోందని అనుమానం. కొబ్బరిబొండంలో స్ట్రాకి పైన చిన్న చిల్లు పడితే ఎంత పీల్చినా నీళ్లు సరిగ్గా రావు కదా, అదే ఇది.

అనుమానం తేల్చుకోవడానికి లెవెల్‌కి పైన ఇంకో లీటరు ఆయిల్ పోసి కాసేపు మాత్రం నడిపాం. ముల్లు వణుకు ఆగింది, 3000 దగ్గర 3 దాటింది. అంటే చిల్లు మామూలు ఆయిల్ మట్టానికి కొంచెం పైన ఉంది, ఎక్కువ పోస్తే మునిగింది. (ఈ పరీక్ష ఇంట్లో చేయకండి. ఆయిల్ ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది.)

ఛాంబర్ దించి స్ట్రైనర్ పైపు చేతిలోకి తీసుకుంటే కంటికి ఏమీ కనబడలేదు. వెల్డింగ్ నున్నగా, చూడముచ్చటగా ఉంది. ఒక కొస రబ్బరుతో మూసి, రెండో కొస నుంచి గాలి నెమ్మదిగా పెట్టి చన్నీళ్లలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. మా మేస్త్రి వేడినీళ్లు తెమ్మన్నారు. వేడినీళ్లలో పెట్టిన కాసేపటికి, ఫ్లాంజ్ (పైపుని బిగించే పట్టీ) పక్కన వెల్డింగ్ అంచు నుంచి సన్నగా బుడగల వరుస మొదలైంది. వెంట్రుకంత పగులు, వేడెక్కితేనే తెరుచుకుంటోంది. ఇన్ని రోజులు పట్టించింది ఆ పగులే.

గాలి కలిసిన ఆయిల్‌తో కాసేపైనా తిరిగింది కాబట్టి బేరింగులు చూడకుండా వదల్లేదు. మూడో సిలిండర్ రాడ్ బేరింగ్ పై ముక్క మీద బొటనవేలంత చోట అరుగుదల మెరుపు కనబడింది. రాగి పొర బయటపడలేదు, క్రాంక్ మీద గీత లేదు. అయినా సెట్టంతా మార్చేశాం. పైపు కొత్తది చేయించి వేడినీళ్లలో పరీక్ష చేశాకే బిగించాం. ఇప్పుడు వేడి మీద ఐడిల్‌లో 1.6, 3000 దగ్గర 4, ముల్లు కదలకుండా నిలబడుతోంది. మిట్టమధ్యాహ్నం వారధి దాటించి గుంటూరు రోడ్డు మీద తిప్పాం, వచ్చేటప్పుడు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కావాలనే నిలబెట్టాం. మన ఎండలకి అక్కడ నిలబడిన ప్రెజరే నిజమైన ప్రెజర్.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. రెండోసారి విప్పి బిగించిన లేబర్ తీసుకోలేదు. పైపు, బేరింగులు, గాస్కెట్లు, ఆయిల్ ఖర్చు ఓనర్ గారు భరించారు. ముందే కూర్చుని మాట్లాడుకున్నాం కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేదు.

ఇకమీదట మీరు తెచ్చే ఛాంబర్, స్ట్రైనర్ పైపు, ఆయిల్ పంపు ఏదైనా మేం పరీక్షించాకే బిగిస్తాం. దానికి విడిగా ఛార్జి ఉంటుంది, ఎంతో ముందే చెబుతాం. ఆటోనగర్‌లో దొరకని పార్టు లేదంటారు, ఆ పేరు మన ఊరికి ఊరికే రాలేదు. కానీ ఎక్కడ కొన్నదైనా కొలవకుండా ఇంజిన్లోకి పోకూడదు. డెలివరీ రోజు వేడి ఇంజిన్ మీద గేజ్ పెట్టి మీ కళ్లముందే ప్రెజర్ చూపించి, అంకెలు బిల్లు మీద రాసిస్తాం. దీనివల్ల ప్రతి బండికీ ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుంది.

వెయిటింగ్‌లో ఉన్న రెండు బండ్లలో డీజిల్ బండి వచ్చే వారం ఇచ్చేస్తాం. రెండోదానికి పంపు రావాలి. అది వచ్చాకే తేదీ చెబుతాను, ఊరికే ఒక తేదీ చెప్పి మిమ్మల్ని తిప్పించుకోను.