మా గుడి కప్పు గురించి మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

అయ్యా, ఇది మేం మీకు పెడుతున్న నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రసీదులున్నాయి, జవాబులు లేవు. అందుకే దీన్ని నలుగురూ చదివేలా రాస్తున్నాను. పాత చర్చిల మరమ్మతుల పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది? ఉద్దానంలో మా ఊరి చర్చి సంగతి ఒక్కటే చెబుతాను, దాన్ని మేం గుడి అనే పిలుస్తాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అంతకుముందే రాత్రి గుడి గంట కొట్టాం. పూరిళ్లలో, రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని వచ్చేశారు. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్లెవరో, ఎప్పుడూ గుమ్మం తొక్కనివాళ్లెవరో ఆ రాత్రి ఎవరూ అడగలేదు. సున్నం, బెల్లం నీళ్లు కలిపి కట్టిన గోడలవి, ఒక్కోటి రెండడుగుల మందం. గాలికి తూర్పు వైపు పెంకులు లేచిపోతుంటే బల్లలన్నీ పడమటి గోడకు చేర్చి వాటి కింద పిల్లల్ని పడుకోబెట్టాం. మా అత్త ఒడిలో నెల తిరగని బిడ్డ ఉంది, ఆ బిడ్డది మా సంఘం కాదు. తెల్లారేసరికి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. గుడిలో ఉన్నవాళ్లకు మాత్రం గాటు కూడా పడలేదు.

తరువాత అధికారులొచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. ఈ గుడి ఊరిని కాపాడింది, దీని సంగతి మేం చూసుకుంటాం అన్నారు. టార్పాలిన్ ఇచ్చారు. అది రెండు వానాకాలాలకే చిరిగిపోయింది. చందాలు వేసుకుని మేమే రేకులు వేశాం. మేకుల బెజ్జాల్లోంచి నీరు కారి టేకు దూలానికి చెద పట్టింది. కీర్తనల పుస్తకం తెరిస్తే పేజీ మీద చెదమట్టి రాలుతుంది. చీర కొంగుతో దులుపుకుని పాడుకుంటున్నాం.

ఒక ఆఫీసుకు వెళ్తే, వందేళ్లు దాటిన కట్టడం కదా, పాత కట్టడాలు చూసేవాళ్ల దగ్గరకు వెళ్లమన్నారు. అక్కడికి వెళ్తే, పురాతన కట్టడాల 1960 చట్టం కింద రక్షిత కట్టడంగా నోటిఫై కాలేదు, మాది కాదన్నారు. మళ్లీ మొదటి ఆఫీసుకొస్తే, స్థలం కెనడా క్రైస్తవ మిషన్ పేరున ఉంది, సంఘం పేరున పట్టా తెమ్మన్నారు. కట్టించిన కెనడా దొరలు ఎప్పుడో వెళ్లిపోయారు. ఆ సంతకం మేం ఎవరి చేత పెట్టించాలండీ? పలాస నుంచి శ్రీకాకుళానికి తిరగడానికే మా కూలి డబ్బులు అయిపోతున్నాయి. రోజు కూలి వదులుకుని వెళ్లిన మనిషిని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, సారు మీటింగులో ఉన్నారంటే ఆ బాధ మీకు తెలియాలి.

ఆ మిషన్‌వాళ్లు కట్టింది గుళ్లు మాత్రమే కాదు. సోంపేటలో వాళ్లు నడిపిన ఆరోగ్యవరం ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గల్లిసన్ చేతుల మీదుగా చూపు తెచ్చుకున్నవాళ్లు ఈ జిల్లాలో ఎందరో. ఆయన పని చూసే 1963లో కెనడాలోని కాల్గరీలో, కంటి వైద్యానికి సాయం చేసే ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. కులం, మతం అడగకుండా వైద్యం చేసిన ఆ చేతులను గుర్తుపెట్టుకున్న జిల్లా మాది. వాళ్లు కట్టిన గోడలు మా కళ్లముందే కూలుతుంటే ఎలా చూస్తూ ఊరుకోమంటారు?

దయచేసి ఒక ఇంజనీరును పంపించి దూలం చూపించండి. మిషన్ పేరున ఉన్న పాత గుళ్లకు పట్టా నిబంధన నుంచి మినహాయింపు ఇప్పించండి. ఏ శాఖ ఫైలో మీరే తేల్చండి. మాకు కొత్త గుడి అక్కర్లేదు. ఉన్న దాని కప్పు నిలబడితే చాలు, అంతకంటే ఏమీ అడగడం లేదు.

మరో మాట. మా గంట ఆ దూలానికే వేలాడుతోంది. తాడు లాగితే దూలం కదులుతోందని కొట్టడం మానేశాం. మళ్లీ అక్టోబరు వస్తోంది. తుపాను హెచ్చరిక వస్తే ఊరిని ఎలా లేపాలో, లేచి వచ్చిన జనాన్ని ఏ కప్పు కిందకు రమ్మనాలో మీరే చెప్పండి.

ఇట్లు,
ఉద్దానంలోని ఒక సంఘ సభ్యురాలు,
శ్రీకాకుళం జిల్లా