పైగదికి త్రీ ఫేజ్ ఎందుకు?

కిట్టూ,

ఎలా ఉన్నావు బిడ్డా? ఉప్పల్‌లో ఎండలు మండిపోతున్నాయి. అమ్మ ఆవకాయ పెట్టి నీ జాడీ వేరుగా తీసి ఉంచింది. నువ్వు ఫోన్ చేసి ఇరవై రోజులైంది, పని ఎక్కువుందేమో. మొన్న ఎలక్ట్రీషియన్ కనబడి, "పైగదికి త్రీ ఫేజ్ ఎంతవుతుందని మీవాడు అడిగాడు సార్" అన్నాడు. పద్మత్త కొడుకును అడిగితే బిట్‌కాయిన్ మిషన్లన్నాడు, అంటే ఆగకుండా లెక్కలు చేసి బిట్‌కాయిన్లు సంపాదించే కంప్యూటర్లట. ఎస్9 అనే పాత మోడల్‌వి ఎనిమిది చవకగా దొరుకుతున్నాయట.

తిట్టడానికి రాయడం లేదు. ఎనిమిది ఎందుకో నాకు అర్థమైంది. కోఠిలో జిరాక్స్ షాపు పెట్టినప్పుడు లోను తీసి ఒకటే పెద్ద మిషన్ కొన్నాను కదా. ఎంసెట్ అప్లికేషన్ల టైము, పిల్లలు రోడ్డు దాకా నిలబడ్డారు, సరిగ్గా ఆ రోజే డ్రమ్ము పోయింది. మెకానిక్ రేపన్నాడు, ఎల్లుండన్నాడు, తర్వాత పార్టు చెన్నై నుంచి రావాలన్నాడు, ఐదు రోజులు షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను. ఎదురు షాపాయనకు మూడు పాత చిన్న మిషన్లు, రోజుకొకటి మొరాయించినా ఆయన పని ఆగలేదు. ఆ నెల కిస్తీ మీ పెదనాన్న కట్టాడు.

కానీ జిరాక్స్ మిషన్ కాపీ తీసినప్పుడే ఎక్కువ కరెంటు తింటుంది, ఇవి రాత్రీ పగలూ తింటాయి. ఎస్9 ఒక్కోటి వేగం 13.5 టెరాహాష్, అంటే సెకనుకు అన్ని లక్షల కోట్ల లెక్కలు, కరెంటు దాదాపు 1,350 వాట్లు. ఎనిమిదీ కలిస్తే 108 టెరాహాష్, రోజుకు 259 యూనిట్లు. తర్వాత వచ్చిన మోడల్ ఎస్19 ప్రో ఒక్కటే 110 ఇచ్చి 3,250 వాట్లతో 78 యూనిట్లు తీసుకుంటుంది. యూనిట్ పది రూపాయల స్లాబులో తేడా రోజుకు 1,810. చవకగా వచ్చిందంతా ఎన్నాళ్లు మిగులుతుంది నాన్నా? పైగా ఈ మిషన్లన్నీ పోటీపడేది ఒక్కో బ్లాకుకు, అంటే ఒక్కో లావాదేవీల కట్టకు, వచ్చే బహుమతి కోసం; 2024 ఏప్రిల్‌లో అది 6.25 కాయిన్ల నుంచి 3.125 అయింది. లాభం మీద 30 శాతం టాక్సు, అందులో కరెంటు బిల్లు ఖర్చుగా తీసేయనివ్వరు.

ఆ రేకుల గదిలో అంత వేడి అంటే ఐదు గీజర్లు ఆపకుండా వేసినట్టే. పదహారు ఫ్యాన్ల రొద, మన వీధి దుమ్ము, పక్కింట్లో పసిపాప. ఇంటి మీటరు మీద వ్యాపారం అసలే కుదరదు.

కొనాలనే ఉంటే ఆ ఎస్19 ప్రో ఒక్కటే చూడు, అదీ రోజుకు ఆ 780 రూపాయల కరెంటు పోను ఏమైనా మిగిలిస్తుందో లేదో లెక్క వేసి నాకు చెప్పు. అడ్వాన్స్ ఇచ్చేశావా? ఇచ్చినా దాచకు.

దగ్గు తగ్గిందా? రాత్రి ఫోన్ చెయ్, పదకొండైనా మెలకువగానే ఉంటాను. ఆవకాయ శనివారం బస్సులో పంపుతున్నాను, జాడీకి గుడ్డ కట్టే ఉంచు.

నాన్న