ఆదివారపు కూడికల నిధి: గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు. కంచరపాలెంలో మనం అద్దెకు తీసుకున్న హాలులో ఏడాది పొడవునా జరిగిన కూడికల లెక్క ఇది. దశమభాగాల పుస్తకం వేరు. కాపరి గారి పోషణ అందులోంచే జరుగుతుంది కాబట్టి ఇక్కడ చూపలేదు.

జమ: నిరుటి నిల్వ రూ. 18,400. ఆదివారపు కానుకలు రూ. 2,36,500. నెలసరి చందాలు రూ. 84,000. కోత పండుగ వేలం రూ. 61,300. మొత్తం రూ. 4,00,200. దొడ్లో కాసిన అరటి గెలలు, పెంచిన కోళ్లు తెచ్చి ఇచ్చినవారికీ, వాటిని రెట్టింపు ధరకు పాడుకున్నవారికీ కృతజ్ఞతలు.

ఖర్చులో పెద్ద పద్దు అద్దె. నెలకు రూ. 9,000 చొప్పున రూ. 1,08,000. వాక్యం ఫోన్లో వినొచ్చు, పాటలు యూట్యూబ్‌లో ఉన్నాయి, ఇంత అద్దె దేనికని సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. వినడం ఒక్కటే పనైతే ఫోను చాలు. కానీ సమాజంగా కూడడం మానవద్దన్న హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం, దానికి ముందు మాటలోనే ప్రేమ చూపడానికీ సత్కార్యాలు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోమంది. అందుకు మనిషి ఎదురుగా ఉండాలి. కాంట్రాక్టు పని పోయిన సహోదరుడొకరు వారం వారం వెనక వరసలో తల వంచుకుని కూర్చుంటున్నారని గమనించింది పక్కన కూర్చున్నవారే. ఆ ఇంటికి బియ్యం, పిల్లల ఫీజు వెళ్లింది ఆ తర్వాతే.

ఇలాంటి అవసరాలకూ, ఆస్పత్రి ఖర్చులకూ ఆదరణ పద్దు కింద రూ. 72,000 ఇచ్చాం. అందుకున్నవారి పేర్లు చదవం. రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ తమ ఆదివారపు కూడికను వివరిస్తూ, శక్తి కొద్దీ ఇచ్చిన కానుకలు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు వెళ్లేవని రాశాడు. రాలేనివారికి పరిచారకులు రొట్టెను ఇంటికి తీసుకెళ్లేవారట. మనమూ ఆ దారినే పోవాలని కమిటీ కోరిక. మర్రిపాలెం, గోపాలపట్నం వైపు నుంచి వచ్చే వృద్ధులకు వారానికి రెండు ఆటోలు పెట్టాం. 52 ఆదివారాలకు రూ. 41,600. మంచం పట్టినవారి ఇళ్లకు ప్రభువు బల్ల, అంటే ప్రభురాత్రి భోజనం, తీసుకెళ్లింది యవనస్థులే, సొంత బండ్ల మీద. ప్రభువు బల్ల సామగ్రికి రూ. 4,200.

ప్రేమవిందుకు నెలకు రూ. 6,500 చొప్పున రూ. 78,000 అయింది. ఎక్కువనిపించవచ్చు. అయితే పోర్టులో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేవారూ, ఇళ్లలో పనిచేసే అక్కలూ, బ్యాంకు ఉద్యోగులూ ఒకే వరసలో కూర్చుని తినేది ఆ రోజే. కొరింథులో ఒకరు ఆకలితో ఉండగా మరొకరు ముందే తినేస్తున్నారని పౌలు గద్దించాడు. ఆ మాట గుర్తుంచుకునే అందరికీ ఒకేసారి వడ్డించాం. ఈ పద్దు తగ్గించమని కమిటీ సిఫారసు చేయదు.

పెద్ద అక్షరాల బైబిళ్లకు, పాటల పుస్తకాలకు రూ. 9,800. 1805లో విశాఖకు వచ్చిన లండన్ మిషనరీ డిగ్రాంజ్, ఆనందరాయర్ సాయంతో ఇక్కడే సువార్తలను తెలుగు చేశారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అంత శ్రమతో మన భాషలోకి వచ్చిన వాక్యాన్ని చూపు తగ్గిన పెద్దమ్మలు కూడా తమ వంతు వచ్చినప్పుడు నిలబడి చదవాలి. ఇప్పుడు చదువుతున్నారు.

మిగిలినవి: కరెంటు రూ. 21,600, సండే స్కూలు రూ. 11,500, మైకు రిపేరు రూ. 7,300.

మొత్తం ఖర్చు రూ. 3,54,000. నిల్వ రూ. 46,200, బ్యాంకులో రూ. 43,000, చేతిలో రూ. 3,200.

నిల్వతో ఎల్‌ఈడీ తెర కొందామన్న ప్రతిపాదన ఉంది. మూడో ఆటో పెట్టి, మిగిలింది ఆదరణ పద్దుకు చేర్చాలని కమిటీ అభిప్రాయం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చేతులెత్తి తీర్మానించండి. రసీదులు, వోచర్లు, పాస్‌బుక్ ఆ రోజంతా హాలులో బల్ల మీద ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు.

ఇట్లు,
సంఘ ఆర్థిక కమిటీ