జాబ్ మేళా కంటే ముందు కాగితాల మేళా పెట్టండి

సంపాదకుల గారికి,

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో జాబ్ మేళా జరిగిన మర్నాడు ఎన్ని కంపెనీలు వచ్చాయి, ఎందరు ఎంపికయ్యారు అన్న లెక్క పేపర్లో చూస్తుంటాం. ఆ వరుసలో నిలబడేది చాలావరకు డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ చదివినవాళ్లే. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేసి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పనికో, టూవీలర్ షెడ్డుకో, తిరుపతి హోటళ్లలో గదులు ఊడ్చడానికో పోయిన పిల్లలు అక్కడ కనబడరు. ఒకవేళ వచ్చినా మొదటి బల్ల దగ్గరే వెనక్కి తిరుగుతారు. చేతిలో పని లేక కాదు, చేతిలో ఉన్న కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోక.

టీసీలో ‘ఎం. మునిశేఖర్’, ఆధార్‌లో ‘మునిశేఖర్ ఎం’, బ్యాంకు పుస్తకంలో ‘మునిసేకర్’. ముని అన్న పేరు లేని ఊరు మన ప్రాంతంలో ఉండదు, దాన్ని ఇంగ్లిషులో రాసే తీరు మాత్రం గుమాస్తాకొకటి. పుట్టిన తేదీ సంగతి ఇంకా విచిత్రం. బళ్లో చేర్చుకునేటప్పుడు అయ్యవారు జూన్ 1 అని రాసేస్తారు. ఆధార్‌లో సంవత్సరం మాత్రమే చెబితే జనవరి 1 పడుతుంది. ఉపాధి శిక్షణలో చేరేటప్పుడు ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగంలో చేరి పీఎఫ్ నంబరు తీసే రోజున అది బయటపడుతుంది.

దీన్ని సరిచేయడానికీ ఒక వరుస ఉంది. మొదట జనన ధ్రువపత్రం, తర్వాత ఆధార్, ఆపైన బ్యాంకు ఖాతా, చివరగా ఓపెన్ టెన్త్, అంటే ఓపెన్ స్కూల్ పదో తరగతిలో ప్రవేశం. తొందరపడి తప్పు తేదీతోనే పదో తరగతి కట్టిస్తే ఆ తప్పు మార్కుల జాబితాకెక్కి కూర్చుంటుంది. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి సరైన ఆధారం చేతికి రాకముందే ఆ అవకాశాన్ని ఖర్చు చేయకూడదు. పుట్టుక నమోదే కాని పిల్లలకు, ముఖ్యంగా శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు యానాది కుటుంబాల్లో, ఏడాది దాటిన నమోదు కనుక ఆర్డీవో ఉత్తర్వు కావాలి. అది నాలుగు రోజుల్లో తేలే పని కాదు. శిక్షణ బ్యాచ్ మొదలయ్యే రెండు నెలల ముందే కదిలితే తప్ప అందదు. ఇంకొకటి, 15 ఏళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప మళ్లీ ఇవ్వాలి. 17 లోపు అది ఉచితం. ఇవ్వకపోతే శిక్షణ కేంద్రంలో బయోమెట్రిక్ హాజరు పడదు. రోజూ వచ్చిన పిల్లవాడే రికార్డులో గైర్హాజరు అవుతాడు.

విద్యాహక్కు చట్టం 14 ఏళ్లకు ఆగిపోతుంది. ఫ్యాక్టరీల వాళ్లు 18 నిండనిదే గేటు దాటనివ్వరు. ఈ నడుమ పిల్లవాడు బడి లెక్కలోనూ ఉండడు, ఉపాధి లెక్కలోనూ ఉండడు. సచివాలయాల్లో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్లు ఉన్నారు కదా, ఊరికొక జాబితా వాళ్లే రాయగలరు: పేరు, ఎన్నో తరగతిలో మానేశాడు, ఇప్పుడేం చేస్తున్నాడు, ఏ కాగితం లేదు. ఈ నాలుగు గడులు చాలు.

రేణిగుంట, శ్రీసిటీ కంపెనీలు చాలావరకు కనీసం పదో తరగతి పాసై ఉండాలంటాయి. అది లేకపోతే దారే లేదనుకుంటారు తల్లిదండ్రులు. ఐటీఐలో వెల్డర్ ట్రేడుకు ఎనిమిది పాసైతే చాలు, ఏడాది కోర్సు. వైర్‌మన్‌కూ అంతే, కాకపోతే రెండేళ్లు. 14 నిండినవాళ్లు ఓపెన్ స్కూల్లో పది కట్టవచ్చు. పది తప్పినవాళ్లకు పాసైన రెండు సబ్జెక్టుల మార్కులు అక్కడికి బదిలీ అవుతాయి. తరగతులు సెలవు రోజుల్లో కాబట్టి శిక్షణతో పాటే నడిపించవచ్చు. షెడ్డులో మూడేళ్లు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి తీసుకెళ్లి స్పానర్ పట్టుకోవడం నుంచి నేర్పడం దండగ. వాడికి కావలసింది ఉన్న పనితనాన్ని పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్. కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం పీఎంకేవీవైలో ఆ ఏర్పాటు ఉంది, అడిగేవాళ్లే తక్కువ.

అప్రెంటిస్ చట్టాన్ని మన దగ్గర ఇంజనీరింగ్ వాళ్లకే అన్నట్టు వాడుతున్నారు. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను, అంటే భృతి తీసుకుంటూ పని నేర్చుకునేవాళ్లను, తీసుకోవాలి. ఐదు నుంచి తొమ్మిది దాకా చదివినవాళ్లకు నెలకు కనీసం 5,000 రూపాయల భృతి ఇవ్వాలని 2019 నిబంధనల్లోనే ఉంది. తిరుపతిలో అంత సిబ్బంది ఉన్న హోటళ్లను వేళ్ల మీద లెక్కపెట్టడం కుదరదు.

ఇక ఉద్యోగం దొరికాక. మేళాలో 12,000 అని చెబుతారు. అదంతా బేసిక్ (మూల వేతనం) అనుకుంటే పీఎఫ్ 12 శాతం కింద 1,440, ఈఎస్ఐ 0.75 శాతం కింద 90 పోయి 10,470 చేతికొస్తుంది. అందులో హాస్టలు, భోజనం. ‘మోసం చేశారు’ అని పిల్లవాడు బ్యాగు సర్దుతాడు. పీఎఫ్ తనదేనని, ఈఎస్ఐతో ఇంట్లోవాళ్లకూ వైద్యం దొరుకుతుందని చేరకముందే పే స్లిప్పు చూపించి చెప్పినవాళ్లుండరు. అదీగాక జీతాల లెక్క ఇరవయ్యో తేదీన మూసే కంపెనీలో 22న చేరితే మొదటి జీతం ముట్టేది దాదాపు 45 రోజులకు. కుప్పం నుంచి చిత్తూరు రావడానికే సుమారు వంద కిలోమీటర్లు, శ్రీసిటీ ఇంకా దూరం. అన్నాళ్లు ఆ కుర్రాడు ఏం తిని ఉండాలి? గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగంలో చేర్చే కేంద్ర పథకం డీడీయూజీకేవై 2016 మార్గదర్శకాల్లో ఇందుకోసమే నెలకు 1,000 రూపాయలు పెట్టారు: సొంత జిల్లాలో రెండు నెలలు, రాష్ట్రంలో మూడు, బయట ఆరు. ఆ డబ్బు చేరిన మొదటి వారంలో పడితే పనికొస్తుంది. జీతం స్లిప్పులు చూపించాక పడితే అప్పటికే వాడు ఊళ్లో ఉంటాడు.

ఇద్దరు కలెక్టర్లనూ కోరేది రెండు పనులు. ప్రతి బ్యాచ్‌కు రెండు నెలల ముందు మండల కేంద్రంలో ఆధార్, బ్యాంకు, ఆర్డీవో కార్యాలయ సిబ్బందిని ఒకే రోజు ఒకే చోట కూర్చోబెట్టండి. మేళాలో ఎంపికైనవాళ్లలో ఆరో నెల జీతం ఎందరికి పడిందో ఆ లెక్క కూడా పేపరుకు ఇవ్వండి.

– ఉపాధి శిక్షణ రంగంలో పనిచేసే ఒక పాఠకుడు, చిత్తూరు