కుడి మోకాలా, ఎడమ మోకాలా?

ఒరేయ్ డాక్టరూ,

ఎలా ఉన్నావురా? చలి తగ్గిందా అమెరికాలో? మొన్న ఫోన్లో "ఈ కోడర్లు ప్రాణాలు తోడేస్తున్నారు, ఎప్పుడూ ఏదో ఒక క్వెరీ" అని విసుక్కున్నావు. నువ్వు డ్యూటీకి వెళ్ళే హడావుడిలో ఉన్నావని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. మీ క్లినిక్ చార్టులు నా దగ్గరికి రావు గానీ, హైదరాబాద్‌లో కూర్చుని పొద్దస్తమానం నేను చదివేది అలాంటివే. మా కోడర్ల పనేంటో తెలుసుగా, చార్టు చదివి ప్రతి జబ్బుకీ, చికిత్సకీ ఇన్సూరెన్స్ బిల్లు కోసం ఒక కోడ్ వెయ్యడం. చార్టులో స్పష్టంగా లేనిదాన్ని డాక్టర్నే అడిగే ప్రశ్నే క్వెరీ.

నువ్వు "మోకాలి నొప్పి" అని రాసి వదిలేశావనుకో. కుడిదైతే ఎం25.561, ఎడమదైతే ఎం25.562, ఏదో చెప్పకపోతే ఎం25.569. రెండు మోకాళ్ళకీ కలిపి ఒక కోడ్ లేదు, రెండూ విడివిడిగా వెయ్యాల్సిందే. 2015 అక్టోబర్ 1న మీ దగ్గర ఐసీడీ-10 అనే ఈ జబ్బుల కోడ్ల జాబితా వచ్చేదాకా ఈ గొడవ లేదు. పాత జాబితాలో 719.46 అని వేస్తే ఏ మోకాలికైనా సరిపోయేది. అలవాటైన పెద్ద డాక్టర్లు ఇప్పటికీ అలాగే రాసేస్తుంటారు. నువ్వు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టావు, నీకా అలవాటు అంటకూడదని నా తాపత్రయం.

ఉదాహరణకి ఇలాంటి చార్టు ఊహించుకో. పైన పేషెంట్ చెప్పిన చోట "కుడి మోకాలు, మూడు వారాలుగా, మెట్లు దిగేటప్పుడు ఎక్కువ" అని ఉంటుంది. కింద పరీక్ష దగ్గర "ఎడమ మోకాలు వాపు, లోపలి వైపు నొక్కితే నొప్పి". చివర్న "మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాం". పాత నోట్ కాపీ చేసి అతికిస్తే సరిగ్గా ఇలాగే అవుతుంది. ఇంజెక్షన్‌కి 20610 వేస్తాను, సరే. పక్కన కుడి అని ఆర్‌టీ పెట్టాలా, ఎడమ అని ఎల్‌టీ పెట్టాలా? ఊహించి పెట్టే హక్కు నాకు లేదు. నొప్పి ఒక కాలికీ సూది ఇంకో కాలికీ అని వెళ్తే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లెయిమ్ తిరిగి రావొచ్చు. ఆ తంటా చివరికి కుంటుకుంటూ మీ దగ్గరికొచ్చిన ఆ మనిషి నెత్తిమీద పడొచ్చు. డబ్బు మాట అటుంచు, రేపు ఇంకో డాక్టరు ఆ నోట్ చదివి ఏ మోకాలు పట్టుకుని చూడాలి?

అందుకే క్వెరీ పంపుతాం. "కుడిదే కదా డాక్టర్ గారూ?" అని అడగడానికి కూడా వీల్లేదు, జవాబు మేమే అందించినట్టవుతుంది. అసలు కుడో ఎడమో మీరెక్కడా రాయకపోతే నర్సు నోట్‌లోంచి తీసుకోవచ్చని 2021 అక్టోబర్ నుంచి కోడింగ్ గైడ్‌లైన్స్‌లో ఉంది. కానీ మీ రాతలోనే రెండు మాటలుంటే మిమ్మల్నే అడగాలి.

ఇంకోటి. ఓపీలో "ఆస్టియోఆర్థరైటిస్ (కీళ్ళ అరుగుదల) కావచ్చు", "రూల్ ఔట్ ఆర్థరైటిస్" (అదో కాదో తేల్చాలి) అని రాస్తే నేను దాన్ని జబ్బుగా వెయ్యలేను, నొప్పికే కోడ్ వేస్తాను. "కుడి మోకాలి ఆస్టియోఆర్థరైటిస్" అని నువ్వు తేల్చి రాస్తే ఎం17.11 పడుతుంది. నొప్పి అందులో భాగమే కాబట్టి దానికి వేరే కోడ్ అక్కర్లేదు. అలాగని కోడ్ కోసం తేలని జబ్బుని తేల్చెయ్యకు. అనుమానం ఉంటే అనుమానమనే రాయి. ఆ నిజాయితీ చార్టులో కనిపిస్తే నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

పిల్లల దగ్గరికొచ్చిన మన పెద్దవాళ్ళు మీ క్లినిక్‌కి వస్తుంటారు కదా. "ఒళ్ళంతా కీళ్ళ నొప్పులు బాబూ" అంటారు. దాన్ని ఇంగ్లీషులో "జాయింట్ పెయిన్" అని రాసేస్తే నాకు మిగిలేది ఎం25.50, ఏ కీలో తెలియని కోడ్. నీకు తెలుగు వచ్చు కాబట్టి కూర్చోబెట్టి అడుగు. వేళ్ళ కణుపులా, మణికట్టా, భుజమా? పొద్దున్న లేవగానే పట్టేసినట్టుంటే అది సడలడానికి అరగంట దాటుతోందా? దాటితే నీ ఆలోచన కీళ్ళవాతం వైపు మళ్ళుతుంది, నాకేమో ఒక్కో కీలుకీ సరైన కోడ్ దొరుకుతుంది. పిక్క నొప్పిని కూడా వాళ్ళు "కాలు నొప్పి" అనే అంటారు. అది కీలు కాదు, ఎం79.6 కిందకి పోతుంది. చేత్తో చూపించమను.

మోకాలు మార్పించుకున్నవాళ్ళయితే ఆ సంగతి తప్పకుండా రాయి. అక్కడ లెక్కే వేరు.

ఈసారి నీకు అర్థంలేనిదనిపించిన క్వెరీ వస్తే, పేషెంట్ వివరాలేవీ చెప్పకుండా ప్రశ్న ఒక్కటే నాకు చెప్పు. వాళ్ళెందుకు అడిగారో విడమరిచి చెబుతాను. ఆదివారం మీకు పొద్దున, మాకు రాత్రి, అప్పుడైతే ఇద్దరికీ ఖాళీ.

నీ
కోడర్ గాడు